బెంగళూరు నాచు.. ఆస్టిన్ చేప!

బెంగళూరు నుంచి టెక్సాస్ వచ్చి సెటిలైపోయింది ఎవరు అంటే ఎవరైనా ఠక్కున చెప్పే జవాబు ‘సాఫ్ట్‌వేర్ వాళ్లు’ అనే. నేనూ ఆ లెక్కలోని వాణ్నే. కానీ మాకంటే ముందే, వీసా గొడవ లేకుండా, స్టాంపింగ్ టెన్షన్ లేకుండా ఇక్కడికొచ్చి పాతుకుపోయింది ఇంకొకటి ఉంది. దాని పేరు హైడ్రిల్లా. నీళ్ల అడుగున పెరిగే నాచు మొక్క.

1950ల్లో అక్వేరియంల వ్యాపారం కోసం దీన్ని ఆసియా నుంచి ఫ్లోరిడాకు తెచ్చారు. గాజు తొట్టెలో పచ్చగా, అందంగా ఉంటుంది మరి. అక్కణ్నుంచి కాలువల్లోకి, కాలువల్లోంచి సరస్సుల్లోకి పాకింది. 1990ల్లో శాస్త్రవేత్తలు రకరకాల దేశాల హైడ్రిల్లా నమూనాల డీఎన్ఏ పోల్చి చూశారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెరుగుతున్న రకానికి బాగా దగ్గరగా కనిపించింది బెంగళూరు నమూనా!

నేనుండే ఆస్టిన్ నగరంలోని సరస్సులోకి కూడా ఈ మొక్క వచ్చింది. మొదట్లో చేపలు పట్టేవాళ్లకు పండగైంది. తర్వాత అందరికీ తలనొప్పి అయింది. దాన్ని వదిలించుకోబోతే సరస్సు అడుగంతా గుండు కొట్టినట్టయింది. ఆ కథే ఇది. చెరువు ‘క్లీన్’గా ఉండటం వేరు, బతికి ఉండటం వేరు అని నాకు అర్థమయ్యేలా చేసిన కథ.

మన ఆఫీసు బాస్ కాదు

లేక్ ఆస్టిన్ అంటే అసలు కొలరాడో నదే. 1940లో పూర్తయిన టామ్ మిల్లర్ డ్యామ్ దాన్ని ఆపితే నగరం మధ్యలో 30 కిలోమీటర్లకు పైగా పొడవున, సన్నగా, పాములా సాగిన సరస్సు తయారైంది. విస్తీర్ణం సుమారు 1,600 ఎకరాలు. ఒడ్డున ఖరీదైన ఇళ్లు, ప్రతి ఇంటికీ ఒక బోటు షెడ్డు. ఆస్టిన్ జనం తాగే నీళ్లలో పెద్ద వాటా ఇక్కణ్నుంచే వెళ్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక్కడి హీరో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప. మన ఆఫీసు బాస్ కాదు గానీ నోరు మాత్రం పెద్దదే. అమెరికాలో ఈ చేపను పట్టడం ఒక పెద్ద ఆట. దీనికోసం ప్రత్యేకంగా బోట్లు, లక్షల డాలర్ల టోర్నమెంట్లు, యూట్యూబ్ చానెళ్లు ఉన్నాయి. పట్టి, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేసేవాళ్లే ఎక్కువ. గోదావరి జిల్లా నుంచి వచ్చిన నాకు మొదట్లో ఇది వింతగానే ఉండేది. పట్టిన చేపను పులుసు పెట్టకుండా వదిలేయడమేంటి అని!

టెక్సాస్‌లో 1986 నుంచి షేర్‌లంకర్ అనే ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది. ఎవరికైనా 13 పౌండ్లు, అంటే దాదాపు 6 కిలోలు దాటిన బాస్ దొరికితే దాన్ని గుడ్లు పెట్టించడానికి రాష్ట్రానికి అప్పుగా ఇవ్వొచ్చు. అంత పెద్ద చేప రికార్డుల్లోకి ఎక్కడం ఏ సరస్సుకైనా గౌరవమే. ఒకప్పుడు ఆ రికార్డుల్లో లేక్ ఆస్టిన్ పేరు పదేపదే వచ్చేది.

దానికి ఓ కారణం నాచు. బాస్ నీళ్లలో తరుముకుంటూ వేటాడే రకం కాదు. పొంచి ఉండి మీద పడే రకం. మొక్కల అంచున నీడలో నిలబడుతుంది. ఎదురుగా చిన్న చేప కనపడగానే ఒక్క ఉదుటున నోరు తెరుస్తుంది. అదే బాస్ పిల్లగా ఉన్నప్పుడు? తనను తినేవాళ్ల నుంచి దాక్కోవడానికీ అవే మొక్కలు. పిల్లలు తినే పురుగులు పెరిగేదీ ఆ ఆకుల మీదే. బ్లూగిల్ లాంటి చిన్న చేపలు బతికేదీ అక్కడే. అంటే నీళ్లలో మొక్కలు బాస్‌కు పురిటిల్లు, వంటిల్లు, వేటస్థలం అన్నీ.

అలాగని సరస్సంతా మొక్కలే ఉన్నా కష్టం. చిన్న చేపలు మరీ బాగా దాక్కుంటే పెద్దవాటికి తిండి దొరకదు. అందుకే విస్తీర్ణంలో సుమారు 20 నుంచి 40 శాతం మొక్కలుంటే బాస్‌కు మంచిదని చేపల శాస్త్రవేత్తలు తరచూ చెబుతుంటారు. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, హైడ్రిల్లాకు ‘ఇక చాలు’ అనేది తెలీదు.

రోజుకు అంగుళం

గుర్రపు డెక్క మనందరికీ తెలుసు. అది నీటి మీద తేలుతుంది, కంటికి కనిపిస్తుంది. హైడ్రిల్లా అలా కాదు. అడుగున వేళ్లూని, పైకి పెరుగుతుంది. మామూలు మొక్కలకు సరిపోని మసక వెలుతురులో కూడా బతికేస్తుంది. కాలం కలిసొస్తే రోజుకు అంగుళం పెరుగుతుంది. ఉపరితలం చేరాక అడ్డంగా కొమ్మలేసి చాప పరిచినట్టు కమ్మేస్తుంది. కింద ఉన్న వేరే మొక్కలకు ఇక వెలుతురు అందదు.

తెంపేద్దామంటే, తెగిన ముక్క కొట్టుకుపోయి ఇంకోచోట మళ్లీ మొక్కవుతుంది. పీకేద్దామంటే, మట్టిలో చిన్న చిన్న దుంపలు మిగిలిపోతాయి. అవి ఏళ్ల తరబడి అలాగే ఉండి, అదను చూసి మొలుస్తాయి. ఇక్కడ అంతకుముందు చలికాలంలో సరస్సు నీటిమట్టం తగ్గించి, ఒడ్డున పెరిగిన మొక్కలను ఎండగట్టేవాళ్లు. మట్టిలో దాక్కున్న హైడ్రిల్లా దుంపలకు ఆ వైద్యం సరిపోలేదు.

లేక్ ఆస్టిన్‌లో హైడ్రిల్లా మొదట కనిపించింది 1999లో. కొద్ది ఏళ్లలోనే వందల ఎకరాలకు పాకింది. బోటు ఫ్యాన్లకు చుట్టుకునేది. ఈతకు దిగితే కాళ్లకు తగులుకునేది. వరదొచ్చినప్పుడు కట్టలు కట్టలుగా తెగి డ్యామ్ దగ్గరకు చేరితే కరెంటు తయారీకి అడ్డం. ఒడ్డున ఇళ్లవాళ్లు ‘తీసేయండి’ అన్నారు. బాస్ పట్టేవాళ్లు ‘ముట్టుకోకండి’ అన్నారు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే మొక్క గురించి!

మందు కొడదామంటే, ఇందాక చెప్పానుగా, అవి ఊరు తాగే నీళ్లు. రసాయనాలంటే వెనకాడాల్సిందే. యంత్రాలతో కోస్తే పెరిగే వేగం ముందు కోత చాలదు. అందుకే 2003లో మరో దారి పట్టారు. అదే గ్రాస్ కార్ప్, మన గడ్డి చేప.

అన్‌డూ బటన్ లేని చేప

గడ్డి చేప తూర్పు ఆసియాది. మన దేశానికి 1959లో వచ్చింది. బొచ్చె, శీలావతితో పాటు చెరువుల్లో వేయడం మనవాళ్లకు కొత్తేం కాదు. పేరుకు తగ్గట్టు పచ్చిక తింటుంది. వేసవిలో బాగా ఆకలి మీదున్న చేప ఒక్కరోజులో తన బరువుకు సమానంగా మేసేయగలదు.

ఆస్టిన్‌లో వదిలినవి పిల్లలు పెట్టలేని రకం. గుడ్డు దశలోనే ఒత్తిడికి గురిచేసి, మూడు సెట్ల క్రోమోజోములు ఉండేలా తయారుచేస్తారు. కాబట్టి అవి పెరుగుతాయే తప్ప సంఖ్య పెరగదు. టెక్సాస్‌లో వీటిని వదలాలంటే రాష్ట్రం అనుమతి కావాలి. నగరం, రాష్ట్ర వన్యప్రాణి శాఖ, నది అథారిటీ కలిసి లెక్కలేసుకుని కొంచెం కొంచెంగా వదిలాయి. నాచు పెరిగితే ఇంకొన్ని, తగ్గితే ఆపడం. కొన్నేళ్లు ఈ లెక్క బాగానే నడిచింది.

తర్వాత 2011 వచ్చింది. టెక్సాస్ చరిత్రలోనే అతి దారుణమైన కరవుల్లో ఒకటి. పైనున్న లేక్ ట్రావిస్ ఎండిపోతోంది. మామూలుగా వేసవిలో దిగువన వరి పండించే రైతులకు నీళ్లు వదులుతారు. ఆ నీళ్లు ట్రావిస్ అడుగునుంచి చల్లగా, వేగంగా లేక్ ఆస్టిన్ మీదుగా వెళ్తాయి. 2012లో వరి రైతులకు నీళ్లు ఆపేశారు. డెల్టాలో పుట్టినవాళ్లకు ఆ మాట ఎలా గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ప్రవాహం ఆగడంతో లేక్ ఆస్టిన్‌లో నీరు నిలిచి, వేడెక్కింది. హైడ్రిల్లాకు అంతకంటే ఏం కావాలి? చూస్తుండగానే 600 ఎకరాలకు దగ్గరగా వెళ్లింది. అంటే సరస్సులో మూడో వంతుకు పైనే.

దాంతో గడ్డి చేపలను వేల సంఖ్యలో, విడతలు విడతలుగా దించారు. అయినా నాచు తగ్గలేదు. ఇంకొన్ని దించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆఫీసు భాషలో చెప్తాను. వెబ్‌సైట్ మీద లోడు పెరిగితే సర్వర్లు పెంచుతాం. కొత్త సర్వర్ లేచి పని మొదలుపెట్టడానికి టైం పడుతుంది. అప్పటిదాకా డ్యాష్‌బోర్డు ఎర్రగానే ఉంటుంది. ఆ ఎరుపు చూసి కంగారుపడి ఇంకో పది పెంచేశామనుకోండి, అన్నీ ఒకేసారి లేచాక అవసరానికి మూడింతలవుతాయి. చేపల సంగతీ అంతే. వదిలినప్పుడు మూరెడు కూడా ఉండవు. నెలలు గడిచేకొద్దీ పెరుగుతాయి, ఆకలీ పెరుగుతుంది. నాచు ఎంతుందన్న సర్వే మాత్రం నెలలకోసారి జరుగుతుంది. ఈరోజు తీసుకునే నిర్ణయం నిన్నటి లెక్క మీద, దాని ఫలితం వచ్చే ఏడాది.

సర్వర్లయితే ఒక్క క్లిక్‌తో ఆపేస్తాం. చేపలకు ఆ బటన్ లేదు. అవి పదేళ్లకు పైగా బతుకుతాయి. ఆకలి రోజూ వేస్తుంది.

2013 మొదట్లో సరస్సును కమ్మేసి ఉన్న నాచు, ఆ ఏడాది చివరికల్లా దాదాపు మాయమైంది. హైడ్రిల్లా ఒక్కటే కాదు. దాంతోపాటు ఉన్న స్థానిక మొక్కలూ పోయాయి. గడ్డి చేపకు హైడ్రిల్లా ఇష్టమే, కానీ అది అయిపోయిందని ఉపవాసం ఉండదు కదా!

మా నాన్న అడిగిన ప్రశ్న

భీమవరం దగ్గర మా నాన్నకు చిన్న చేపల చెరువుంది. ఓ ఆదివారం వీడియో కాల్‌లో ఈ కథంతా చెప్పాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు.

“ఏరా, నాచు అయిపోయాక ఆ చేపల్ని ఏం చేశారు?”

“ఏం చేస్తారు నాన్నా, అందులోనే ఉన్నాయి.”

“మరి తిండి?”

నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పారు. “మనం అయితే నాచును బట్టి కాసిని వేస్తాం. నాచు తినేశాయనుకో, గట్టు మీద గడ్డి కోసి వేస్తాం. మరీ ఎక్కువైతే వల లాగి పట్టేస్తాం. పట్టుబడి మన చేతుల్లో ఉన్నప్పుడే వాటిని వెయ్యాలిరా. అంత పెద్ద చెరువులో ఎవడు లాగుతాడు వల?”

పదేళ్ల రిపోర్టుల సారాంశం రెండు నిమిషాల్లో చెప్పేశారు. చెరువులో ఎన్ని చేపలు వేయాలన్నది లెక్క. వేసినవాటిని వెనక్కి తీయగలమా అన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇది మొదటిసారి కాదు

టెక్సాస్‌లోనే, హ్యూస్టన్‌కు ఉత్తరాన లేక్ కాన్రో ఉంది. మన తెలుగువాళ్లు వీకెండ్ బోటింగ్‌కు బాగా వెళ్లే సరస్సు. దాదాపు 20,000 ఎకరాలు. అక్కడా హైడ్రిల్లా 40 శాతానికి పైగా ఆక్రమించింది. 1981-82లో ఏకంగా 2,70,000 గడ్డి చేపలను వదిలారు. 1983 నాటికి నీళ్లలోపలి మొక్కలన్నీ ఖాళీ.

అక్కడ టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు ముందూ తర్వాతా కొలతలు తీశారు. మొక్కలు పోయాక నీళ్లు మరింత మసకబారాయి. ఎందుకంటే మొక్కలు పీల్చుకునే పోషకాలు ఇప్పుడు నీళ్లలో తేలే సూక్ష్మ శైవలాలకు దొరికాయి. మొక్కల్లో బతికే బ్లూగిల్ లాంటివి తగ్గాయి. నడి నీళ్లలో గుంపులుగా తిరిగే షాడ్ చేపలు పెరిగాయి. బాస్ పిల్లల సంఖ్య తగ్గింది. అయితే మిగిలిన పిల్లలు చిన్నప్పుడే చేపలు తినడం మొదలుపెట్టి వేగంగా ఎదిగాయి.

అంటే నాచు పోతే బాస్ పూర్తిగా పోతుందనుకోవడం కూడా తప్పే. కాన్రోలో బోటు షెడ్ల కర్రల కింద, మునిగిన కొమ్మల పక్కన బాస్ సర్దుకుంది. 2017లో ఈ ఆటకు వరల్డ్ కప్ లాంటి బాస్‌మాస్టర్ క్లాసిక్ అక్కడే జరిగింది. సరస్సు చచ్చిపోలేదు, వేరే సరస్సుగా మారింది. కానీ ఆ మార్పు ఎవరూ కోరుకుని చేసింది కాదు.

ఇంకో సంగతి. చేపలు వయసైపోయి తగ్గాక కాన్రోలో హైడ్రిల్లా తిరిగొచ్చింది. 2006 తర్వాత మళ్లీ లక్షకు పైగా చేపలు వదిలారు. మళ్లీ అంతా ఖాళీ. లేక్ ఆస్టిన్ ఖాళీ అయింది దాని తర్వాతే.

సోనార్ తెరమీద ఏముంది?

నేను లేక్ ఆస్టిన్ మీదకు మా టీమ్‌లోని ఓ అన్నతో కలిసి వెళ్తుంటాను. ఆయనకు పాత బాస్ బోటు ఉంది. దానికి సోనార్ తెర. మొక్కలుంటే తెరమీద అడుగునుంచి పైకి లేచిన గరుకు జుట్టులా కనిపిస్తుంది. మట్టి అయితే నున్నటి గీత. ఈ సరస్సులో చాలా దూరం ఆ నున్నటి గీతే వస్తుంది. మధ్యమధ్యలో బోటు షెడ్ల స్తంభాలు. ఇక్కడి బాస్ ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఆ స్తంభాల నీడలోనే. నాచు పోయిన తర్వాతి ఏళ్లలో లేక్ ఆస్టిన్ నుంచి భారీ చేపల వార్తలూ తగ్గిపోయాయి.

ఒడ్డుకు దగ్గరగా మాత్రం ఒకచోట ఇనుప వల చుట్టిన పంజరాలు కనిపించాయి. చేపలు పెట్టడానికి కాదు, చేపలు రాకుండా! లోపల స్థానిక మొక్కలు నాటారు. వాటర్ విల్లో లాంటివి ఒడ్డున, ఈల్‌గ్రాస్ లాంటివి కాస్త లోతున. గడ్డి చేపల నోటికి అందకుండా అవి వేళ్లూనుకుంటే, పంజరం బయటికి నెమ్మదిగా పాకుతాయని ఆశ. ఒకప్పుడు మొక్కలను తీయించడానికి చేపలను తెచ్చారు. ఇప్పుడు ఆ చేపల నుంచి మొక్కలను కాపాడటానికి కంచెలు కడుతున్నారు.

ఎందుకింత కష్టం అంటే, ఖాళీ అడుగు ఎప్పటికీ ఖాళీగా ఉండదు. నెమ్మదిగా పెరిగే స్థానిక మొక్కలు ముందే చోటు పట్టుకుని ఉంటే హైడ్రిల్లాకు అంత సులువు కాదు. లేకపోతే, గడ్డి చేపలు తగ్గిన రోజున మొదట లేచేది మట్టిలో దాక్కున్న హైడ్రిల్లా దుంపలే. పైగా 2017లో ఈ సరస్సులోకి జీబ్రా మసెల్ అనే మరో అతిథి వచ్చింది. ఇది వేలెడంత కూడా లేని ఆల్చిప్ప. నీటిని వడగట్టి తాగుతుంది కాబట్టి నీళ్లు తేటబడతాయి. తేటబడితే వెలుతురు లోతుకు వెళ్తుంది. వెలుతురు వెళ్తే నాచుకు మళ్లీ చాన్స్.

అలాగని పంజరాల్లో మొక్క నాటిన నెలకే ఫొటో తీసి పోస్ట్ చేయలేం. ఫలితం ఏళ్ల మీద కనిపిస్తుంది. ఒక్క సీజన్‌లో నాచంతా పోయినప్పుడు వచ్చినంత మెప్పు దీనికి రాదు. కానీ వెనక్కి తీసుకోగలిగిన పని ఇదే. పంజరం తప్పనిపిస్తే తీసేయొచ్చు. మొక్క బతక్కపోతే ఇంకోటి నాటొచ్చు.

మన చేతిలో ఉన్నది

ఇక్కడ బోటు నీళ్లలోంచి తీశాక మూడు పనులు చేయాలి. అంటుకున్న నాచు తుడవాలి, లోపలి నీళ్లు వదిలేయాలి, ఆరబెట్టాలి. టెక్సాస్‌లో నాచు తుడవడం, నీళ్లు వదిలేయడం చట్టం, చేయకపోతే జరిమానా. ట్రైలర్ చక్రానికి చుట్టుకున్న జానెడు ముక్క చాలు, ఇంకో సరస్సులో హైడ్రిల్లా మొదలవడానికి. మీరు హ్యూస్టన్, డల్లాస్, ఆస్టిన్‌లలో ఉండి వీకెండ్‌కు కయాక్ అద్దెకు తీసుకున్నా సరే, ఆ రెండు నిమిషాలు కేటాయించండి.

ఇండియాలో ఉంటే ఇంకా సులువు. ఇల్లు మారుతున్నామనో, చేపలు చచ్చిపోయాయనో అక్వేరియంలో మొక్కలూ చేపలూ తీసుకెళ్లి పక్క చెరువులో పడేయకండి. ఫ్లోరిడాలో మొదలైంది కూడా అక్వేరియం మొక్కలతోనే.

ఇంకొకటి. మన ఊళ్లలో చెరువు బాగుచేశామంటే గట్టు మీద టైల్స్, చుట్టూ వాకింగ్ ట్రాక్, మధ్యలో ఫౌంటెన్, నీళ్లలో గడ్డిపరక లేకుండా డ్రోన్ షాట్. చూడటానికి బాగుంటుంది, రీల్‌కు లైకులొస్తాయి. ఈసారి అలాంటి చెరువు దగ్గరికి వెళ్తే ఒడ్డున కాసేపు నిలబడి చూడండి. నీటి అంచున మొక్కలేమైనా మిగిల్చారా? వాటి మధ్య చేపపిల్లలు తిరుగుతున్నాయా? తూనీగలు వాలుతున్నాయా? నాచు తీయడానికి ఏదైనా వదులుతున్నామని ఎవరైనా చెబితే, మా నాన్న ప్రశ్న అడగండి. “అయిపోయాక వాటిని ఏం చేస్తారు?”